మంచి హస్తవాసి

ఇంట్లో అందరూ ఆమెను అమ్మడు అనేవారు. అసలు పేరు కాలేజీలో హాజరు వేసేవాళ్ళకే అవసరపడేది. న్యూరోసైన్స్ డిగ్రీలో చేరుతున్నానని ఆమె చెప్పిన రోజు ఇంట్లో ఒక్కరికీ అదేమిటో అంతుపట్టలేదు. మెదడు గురించిన చదువని విడమరిచి చెప్పాక, కింది వాటాలో ఉండే మేనత్త అందరికంటే ముందు అందుకుంది.

"అంటే మెదడు డాక్టరువవుతావా?"

"కాదత్తా. డాక్టరు చదువు వేరు. ఇది మెదడు ఎలా పనిచేస్తుందో తెలుసుకునే చదువు."

"తెలుసుకుని?"

"తెలుసుకోవడమే."

"బాగుంది సంబడం! రోగం నయం చెయ్యవు, మందు రాయవు, ఊరికే తెలుసుకుంటావా? అయినా మెదడు చదువు మెదడున్నవాళ్ళు చదవాలి గానీ, మన వంశంలో నీకెక్కణ్ణుంచి వచ్చిందే?"

అందరూ పగలబడి నవ్వారు. అమ్మడి తండ్రి స్కూలు బస్సు నడుపుతాడు. తన వంశాన్ని అన్నందుకు ఆయన కూడా నవ్వాడు. నవ్వనిది తల్లి ఒక్కతే. కూతురు ఏది చదివినా గొప్పదే చదువుతుందని ఆవిడ ఎప్పుడో తీర్మానించుకుంది.

తల్లికి ఇంటి ముందుగదిలో చిన్న సెలూన్ ఉంది. ఆడవాళ్ళకూ పిల్లలకూ జుట్టు కత్తిరిస్తుంది. మిగతా చోట్ల ఇల్లు పీకి పందిరేసే పిల్లలు కూడా ఆవిడ కుర్చీలో గమ్మున కూర్చునేవారు. ఆవిడ ముందుగా కత్తెర చూపించేది కాదు. దువ్వెన పిల్లవాడి చేతికే ఇచ్చి, ఏవేవో కబుర్లు చెబుతూ చెవి వెనక రెండు వేళ్ళతో మెల్లగా రాసేది. కాసేపటికి బిగదీసుకున్న మెడ తనంతట తానే సడలేది. "మెడ వదిలాడంటే ఇక మనవాడే" అనేది కూతురితో. అమ్మడు పొట్టి గౌన్లు వేసుకునే వయసు నుంచీ ఆ పిల్లల తలలు పట్టుకుంటూ పెరిగింది. ఆ విద్య ఆమె వేళ్ళకు అలా వచ్చేసింది.

మొదటి సంవత్సరంలో ఒకరోజు వాళ్ళ మేడమ్ మైక్రోస్కోప్ కింద ఒక గాజు పలక పెట్టి, వరసగా ఒక్కొక్కరినీ వచ్చి చూడమంది. పలక మీద ఎలుక మెదడులోని ఒకే ఒక కణానికి నల్లరంగు ఎక్కి ఉంది. దాని కొమ్మలన్నీ, కొమ్మల మీది నూగుతో సహా కనబడుతున్నాయి. ఇది ఒకప్పుడు ఏ వాసననో, ఏ దారినో గుర్తుపెట్టుకున్న కణమని మేడమ్ చెప్పింది. అమ్మడు కన్ను తియ్యలేదు. వెనక నిలబడ్డవాళ్ళు "మాకూ కాస్త మిగుల్చు తల్లీ" అని వేళాకోళమాడినా కదల్లేదు. జీవితంలో తనకేం కావాలో ఆమెకు ఆ పూటే తెలిసిపోయింది. అలాంటి కణాన్ని తన చేతులతో వెతికి, రంగు పట్టించి, తన కళ్ళతో చూడాలి. చెప్పుకుంటే చిన్న కోరికే.

అందుకు ఒకే దారి ఉంది. ఆఖరి సంవత్సరం ప్రాజెక్టు మేడమ్ దగ్గర దొరకాలి. ఆవిడ దగ్గర ప్రాజెక్టు చేసినవాళ్ళను పై చదువులకు పిలిచి మరీ తీసుకుంటారు. దొరకనివాళ్ళు మందుల కంపెనీల బ్యాగులు మోసుకుంటూ డాక్టర్ల గుమ్మాల్లో పడిగాపులు కాస్తారు. మేడమ్ మార్కులు చూసి ప్రాజెక్టు ఇచ్చే మనిషి కాదు, పని చూసి ఇస్తుంది. అందుకని రెండో సంవత్సరం మొదట్లోనే అమ్మడు వెళ్ళి లాబ్‌లో ఏ పనైనా చేస్తానంది. ఏ పనైనా అనే మాట ఎంత ప్రమాదమో ఆ వయసులో ఎవరికి తెలుస్తుంది?

ఆమెను ఎలుకల గదికి పంపారు.

అక్కడ ఒక పరిశోధక విద్యార్థి ఉండేవాడు. అందరూ స్కాలరన్న అనేవారు. మంచివాడు. ఎవరొచ్చినా తన కుర్చీ ఇచ్చేసి తను నిలబడేవాడు. అతని వేళ్ళ నిండా ఎలుకల కాట్లే. భయమనేది మెదడులో ఎక్కడ, ఎలా నిలవ ఉంటుందన్నది అతని పరిశోధన. అందుకు ఎలుకలను రకరకాలుగా పెంచి, చివరికి చంపి, మెదడు తీసి చూడాలి. ఆ గదిలో చంపడమనే మాట ఎవరూ వాడరు, శాక్రిఫైస్ అంటారు. అదే మాటను తెలుగులో బలి అంటే మళ్ళీ అందరికీ మొహాలు మాడిపోతాయి.

అసలు చిక్కంతా ఆ చివరి నిమిషంలోనే ఉంది. చంపబోయేముందు ఎలుక బెదిరిందంటే దాని నెత్తురూ మెదడూ భయపు హార్మోన్‌తో నిండిపోతాయి. అప్పుడు లెక్కల్లో దొరికేది మనం ఆ పూట పెట్టిన భయం. దానికి ముందున్నది దొరకదు. మత్తిచ్చినా లెక్కలు మారతాయి కాబట్టి మత్తు లేదు. బల్లమీద బిగించిన చిన్న కత్తి ఉంటుంది. తల అందులో పెట్టి పిడి కిందికి నొక్కాలి. తనను తీసుకెళ్ళేది అక్కడికేనని ఎలుకకు తెలియకూడదు. స్కాలరన్న చేతిలో ప్రతి ఎలుకకూ తెలిసిపోయేది.

అమ్మడు మొదటి ఎలుకను తీసుకుని తన లాబ్ కోటు చేతిలోకి దూరనిచ్చింది. చెవి వెనక రెండు వేళ్ళతో మెల్లగా రాసింది. ఏదో గొణిగింది. ఎలుక మెడ సడలింది. అది కళ్ళు సగం మూసుకుని ఆమె బొటనవేలిమీద గడ్డం ఆనించుకుంది. అమ్మడు దాన్ని అలాగే తీసుకెళ్ళి కత్తి దగ్గర పెట్టింది.

తర్వాత బయటికి వెళ్ళి వాంతి చేసుకుని, మొహం కడుక్కుని, లోపలికొచ్చి రెండోదాన్ని తీసుకుంది.

వారం తిరిగేసరికి లెక్కలొచ్చాయి. మేడమ్ వాటిని చూసి ఎలుకల గదికి స్వయంగా వచ్చింది.

"వీటిని పట్టుకుందెవరు?"

స్కాలరన్న అమ్మడిని చూపించాడు.

"ఇన్నేళ్ళలో ఇంత శుభ్రమైన లెక్కలు నేను చూళ్ళేదు. ఒక్కదానికి కూడా చచ్చిపోతున్నట్టు తెలీలేదు." మేడమ్ ఆమె చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "నీ హస్తవాసి చాలా మంచిదమ్మాయ్!"

గదిలో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. అది నవ్వాల్సిన మాటే. ఏ డాక్టరు చెయ్యి పడితే రోగం తిరుగుముఖం పడుతుందో ఆ డాక్టరు హస్తవాసి మంచిదంటాం. ఈ పిల్ల చెయ్యి పడ్డవాటిలో బతికి బట్టకట్టింది ఒక్కటీ లేదు. అయినా మెచ్చుకోలు మెచ్చుకోలే. అమ్మడు దాన్ని నెత్తిన పెట్టుకుని ఇంటికెళ్ళింది. తల్లికి సగమే చెప్పింది.

"మా మేడమ్ నా హస్తవాసి మంచిదన్నారమ్మా."

"అంటే మీచేత వైద్యం కూడా చేయిస్తున్నారా?"

"ఎలుకలకి."

"ఎలుకలకైతే మాత్రం? ప్రాణం ప్రాణమేగా!" అంది తల్లి. ఆవిడ కళ్ళు చెమర్చాయి.

అక్కడ నిజం చెప్పాల్సింది. చెప్పలేదు. మర్నాటి నుంచి తల్లి ప్రతి కుర్చీకీ, ప్రతి తలకీ ఆ కబురు చెప్పింది. చివరికి ఆ వీధిలో అమ్మడు సగం డాక్టరైపోయింది. ఎవరి పిల్లకు జలుబు చేసినా "నీ చేత్తో ఓసారి నిమురమ్మా" అని తీసుకొచ్చేవారు. అమ్మడు నిమిరేది. పిల్లలు మెడ వాల్చి నిద్రపోయేవారు.

కాలేజీలో ఆమె అసలు పేరు హాజరు పిలిచేటప్పుడు కూడా వినబడటం మానేసింది. హస్తవాసి అనే పిలిచేవారు. ఆమె పని స్కాలరన్న ఎలుకలతో ఆగలేదు. ఏ లాబ్‌లో శాక్రిఫైస్ ఉన్నా కబురొచ్చేది. పని కూడా చంపడంతో సరిపోదు. ముందు మచ్చిక చెయ్యాలి. కొత్త ఎలుకలు రాగానే రోజూ వెళ్ళి చేతిలోకి తీసుకోవాలి, ఒళ్ళో తిరగనివ్వాలి, తన వాసన వాటికి అలవాటు చెయ్యాలి. బోను మూత తియ్యగానే వాటంతట అవి వచ్చి ఆమె కోటు చేతిలోకి దూరేవరకు స్నేహం చెయ్యాలి. స్నేహం కుదిరితే పని అయినట్టు.

ఆమె పట్టుకున్న ఎలుకల మెదడు ముక్కలను మైక్రోస్కోప్‌లో చూసేది మాత్రం వేరేవాళ్ళు. తరగతిలో ఒక కళ్ళద్దాలమ్మాయి ఉండేది. నెత్తురు చూస్తే కళ్ళు తిరుగుతాయని మొదటిరోజే చెప్పి తప్పించుకుంది. ఆ పుణ్యాన ఆ అమ్మాయికి కిటికీ పక్క మైక్రోస్కోప్ దక్కింది. ఒకరోజు అమ్మడు దగ్గరికెళ్ళి కాస్త చూస్తానంటే, "చేతులు కడుక్కున్నావా?" అంది.

ప్రాజెక్టులు ఇచ్చే సమయం దగ్గర పడ్డాక అమ్మడు ధైర్యం కూడగట్టుకుని మేడమ్ గదిలోకి వెళ్ళింది.

"మేడమ్, నాకు ప్రాజెక్టు..."

"నీకు ప్రత్యేకంగా ప్రాజెక్టెందుకమ్మా? అందరి ప్రాజెక్టుల్లోనూ నువ్వున్నావుగా."

"నేను ముక్కలు కోసి, రంగు పట్టించి, సొంతంగా చూడాలనుకుంటున్నాను మేడమ్."

"ఆ పని నేర్పితే ఎవరైనా చేస్తారు. నీ చెయ్యి ఇంకెవరికుంది చెప్పు? నిన్ను తీసుకెళ్ళి మైక్రోస్కోప్ ముందు కూర్చోబెడితే ఇక్కడ నాలుగు లాబ్‌లు ఆగిపోతాయి. ప్రతి పేపర్ చివరా నీకు కృతజ్ఞతలు రాయిస్తాగా."

ఆవిడ మాటలో మోసం లేదు, అదే బాధ. బాగా చేసినందుకే ఆ పిల్ల అక్కడ ఇరుక్కుపోయింది. చేతకానివాళ్ళందరూ ఒక్కొక్కరే దాటిపోయారు.

ఆ నెలలోనే మేనత్తకు పిత్తాశయంలో రాళ్ళని ఆపరేషన్ అన్నారు. నోటికి అదుపులేని ఆ మనిషి ఆసుపత్రి మంచమెక్కేసరికి చంటిపిల్లయిపోయింది. డాక్టరు మాటలు వినదు, మొగుడి మాటలు వినదు. "అమ్మడిని పిలవండి. దాని హస్తవాసి మంచిది. అది చెయ్యి వేస్తేగానీ నేను లోపలికి పోను" అని మొండికేసింది.

అమ్మడు వచ్చి తలాపిన కూర్చుంది.

"భయంగా ఉందే."

"ఏం కాదత్తా. కళ్ళు మూసుకో. నేనున్నాగా."

మాట నోట్లో ఉండగానే ఆమె రెండు వేళ్ళు అత్త చెవి వెనక్కి చేరాయి. అత్త బిగుసుకున్న మెడ సడలింది. ఊపిరి నెమ్మదించింది. అప్పుడు అమ్మడి బొటనవేలు తనంతట తాను పుర్రె కిందికి జారి, మెడ ఎముకల మధ్య సందు వెతికి పట్టుకుని అక్కడ ఆగింది. ఇక తీసుకెళ్ళొచ్చని చెయ్యి చెబుతోంది. అమ్మడు నిప్పు తగిలినట్టు చెయ్యి లాక్కుంది. అత్త సగం నిద్రలో "తియ్యకే, బాగుంది" అంది.

ఆపరేషన్ సవ్యంగా జరిగింది. అంతా అమ్మడి చేతి చలవేనని అత్త అందరికీ చెప్పుకుంది. అమ్మడు ఆ రోజంతా ఆ చెయ్యి జేబులోంచి బయటికి తియ్యలేదు. తన చెయ్యంటే తనకే అసహ్యం వేసింది. ఏం చేసైనా ఆ పని వదిలించుకోవాలనుకుంది.

చెయ్యనని మొహానే చెప్పెయ్యొచ్చుగా అంటారు మీరు. చెప్పొచ్చు. చెబితే ఎలుకల గది పోతుంది, దాంతోపాటే మేడమ్ దయ కూడా పోతుంది. అమ్మడికి ఆవిడ దయా కావాలి, మైక్రోస్కోపూ కావాలి. అందుకని ఆమె ఇంకోలా ఆలోచించింది. తప్పు తనది కాకుండా, తన చేతిది కావాలి. హస్తవాసి పోయిందని అందరూ అనుకోవాలి. అప్పుడు పాపం పిల్ల ఎంత కష్టపడిందో అని మైక్రోస్కోప్ దగ్గర కూర్చోబెడతారు.

సరిగ్గా అప్పుడే స్కాలరన్న ఆఖరి విడత ఎలుకలు వచ్చాయి. అతని పరిశోధనకు అవే ముగింపు. ఆ లెక్కలు రాగానే పట్టా పుచ్చుకుని వెళ్ళిపోవాలని చూస్తున్నాడు. ఆ సంగతి అమ్మడికి తెలుసు. తెలిసే మొదలుపెట్టింది.

మామూలుగానే మచ్చిక చేసింది. ఎలుకలు కోటు చేతిలోకి దూరడం అలవాటయ్యాక, ఒకరోజు బయటికి తల పెట్టిన ఎలుక ముక్కు మీద గోటితో గట్టిగా కొట్టింది. అది కీచుమని వెనక్కి దూకింది. అమ్మడికి కన్నీళ్ళొచ్చాయి. మర్నాడు మళ్ళీ కొట్టింది. ఈసారి కన్నీళ్ళు రాలేదు.

ఆమె ఊహించనిది ఒకటి జరిగింది. అవి భయపడలేదు. దెబ్బ తిని వెనక్కి వెళ్ళి, కాస్సేపు ముక్కు తుడుచుకుని, మళ్ళీ వచ్చి ఆ చేతినే వాసన చూసేవి. ఏదో పొరపాటు జరిగిందనుకున్నాయి కాబోలు. అమ్మడికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంత కొడుతుంటే ఇంకా ఎందుకొస్తారే మీరు అని పళ్ళు నూరింది. చెవి గిల్లింది. తోక నలిపింది. వచ్చిన ప్రతిదాన్నీ, ఎంత ఆశగా వస్తే అంత గట్టిగా గిల్లింది. ఒక్కొక్కటే రావడం మానేసింది. ఆఖరిదాకా వస్తూనే ఉన్నది ఒక బక్కపలచని ఎలుక. దాన్ని మాన్పించడానికి ఆమె ఎంత చెయ్యాల్సి వచ్చిందో ఇక్కడ రాయను. అది కూడా మానేసిన రోజు, పీడ విరగడయిందని నవ్వుకుంటూ ఇంటికెళ్ళింది.

శాక్రిఫైస్ రోజు అమ్మడు బోను మూత తీయగానే ఎలుకలు ఒకదానిమీద ఒకటి ఎక్కి మూలకు అంటుకుపోయాయి. ముట్టుకుంటే కరిచాయి, అరిచాయి, ఉచ్చపోసుకున్నాయి. స్కాలరన్న కంగారుపడి సగం ఎలుకలను తనే పట్టుకున్నాడు. విచిత్రమేమిటంటే ఆ మొరటు చేతుల్లో అవి కాస్త కుదురుగానే ఉన్నాయి. మిగతా సగం అమ్మడి చేతిలో చచ్చాయి. ఒక్కటీ మెడ వదల్లేదు.

లెక్కలు అట్టర్ ఫ్లాప్. స్కాలరన్న వాటిని చూసి, వెళ్ళి మెట్లమీద కూర్చున్నాడు. మళ్ళీ మొదటినుంచి చెయ్యాలంటే ఇంకో ఏడాది. అమ్మడు వెళ్ళి పక్కన కూర్చుంటే, "నీ తప్పేముందిలే. ఈ విడత ఎలుకలే తేడా" అని ఆమెనే ఓదార్చాడు. ఆమెకు సిగ్గేసింది. అయినా నోరు విప్పలేదు.

మేడమ్ పిలిచినప్పుడు అమ్మడు లోలోపల సంతోషంగానే వెళ్ళింది. నాలుగు తిట్లు తింటే చాలు, గండం గడిచినట్టే.

మేడమ్ తిట్టలేదు. లెక్కలు ముందు పెట్టుకుని కూర్చుంది.

"ఒకే బోను, ఒకే తిండి. వాడు పట్టుకున్నవి మామూలుగా ఉన్నాయి. నువ్వు పట్టుకున్నవే ఆకాశానికెగిరాయి. ఎలుకలకి జబ్బయితే అన్నీ ఒకలాగే ఉండాలిగా? ఏం చేశావు?"

"ఏం చెయ్యలేదు మేడమ్."

"నేను పాతికేళ్ళుగా భయం మీద పని చేస్తున్నానమ్మాయ్. నాతో అబద్ధమాడకు."

అమ్మడు కుర్చీలో కూర్చుని అంతా చెప్పేసింది. ముక్కుమీద కొట్టడం, గిల్లడం, ఆ బక్కపలచని ఎలుక సంగతి, అన్నీ. చెబుతూ వెక్కివెక్కి ఏడ్చింది. మేడమ్ మధ్యలో ఒక్కసారే అడిగింది.

"ఎన్ని దెబ్బలు తిన్నాక రావడం మానేశాయి?"

"సరిగ్గా గుర్తులేదు మేడమ్. బాగా మచ్చికైనవి ఆఖరిదాకా వచ్చాయి."

మేడమ్ లేచి కిటికీ దగ్గరికెళ్ళింది. తిరిగి చూసినప్పుడు ఆవిడ మొహం వెలిగిపోతోంది.

"పరాయి చెయ్యి కొడితే ఏమవుతుందో అందరూ చూశారు. సాకిన చెయ్యే కొడితే మెదడులో ఏమవుతుందో సరిగ్గా ఎవరూ చూళ్ళేదు. ఎందుకంటే అంత మచ్చిక చెయ్యగలిగినవాళ్ళు లేరు." ఆవిడ అమ్మడి భుజం తట్టింది. "నీకు ప్రాజెక్టు కావాలన్నావుగా? ఇది నీదే. మచ్చిక చేసేది నువ్వే, మాన్పించేదీ నువ్వే. ముక్కలు కొయ్యడం, రంగు వెయ్యడం, చూడడం, అన్నీ నువ్వే. కిటికీ పక్క మైక్రోస్కోప్ రేపటినుంచి నీది. పేపర్‌లో మొదటి పేరు నీదే."

అమ్మడు ఏడుపు ఆపేసింది.

కాదనడానికి ఆమెకు అప్పుడు అవకాశం ఉంది. ఎవరూ గొంతు మీద కత్తి పెట్టలేదు. ఆమె చున్నీతో ముక్కు తుడుచుకుని, "స్కాలరన్నకి ఇదంతా చెప్తారా మేడమ్?" అనడిగింది.

"వాడికెందుకు? ఎలాగూ ఇంకో ఏడాది ఇక్కడే ఉండాలిగా. నీకు సాయంగా ఉంటాడు."

"సరే మేడమ్" అంది అమ్మడు.

కొత్త ఎలుకలు వచ్చాయి. పాలిపోయిన చిన్న పిల్లలు. అమ్మడు రోజూ వాటిని ఒళ్ళో ఆడించింది. చెవుల వెనక రాసింది, పేర్లు పెట్టి పిలిచింది, ముద్దుచేసింది. ఇదివరకెప్పుడూ ఇంత ప్రేమగా చెయ్యలేదు. ఒకరోజు స్కాలరన్న వచ్చి చూస్తే, అన్నీ ఆమె కోటు చేతుల్లోకీ జేబుల్లోకీ దూరిపోయి ఉన్నాయి. ఒక్కటి మాత్రం బోను అంచున నిలబడి, దూకనా వద్దా అని ఆమె అరచేతి వంక చూస్తోంది.

"అన్నీ మచ్చికైపోయినట్టేగా? రేపట్నుంచి మొదలుపెడదామా?" అన్నాడు స్కాలరన్న.

అమ్మడు అరచెయ్యి ఇంకాస్త దగ్గరగా జరిపింది. ఎలుక ముందుకాళ్ళు రెండూ ఆమె వేళ్ళమీద మోపి, వెనక్కి తీసుకుంది.

"తొందరపడకన్నా. ఇది ఇంకా పూర్తిగా నమ్మలేదు."